బీడీ ముట్టనివాళ్లకూ ఆయాసం ఎందుకు?

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. వనపర్తి దగ్గర పల్లె. పాతికేళ్లు కట్టెల పొయ్యి మీద వండింది, అయిదేళ్లుగా గ్యాస్. బీడీ, చుట్ట ఎరగదు. అయినా నాలుగు మెట్లెక్కితే ఆయాసం, తెల్లారితే దగ్గు, తెమడ. ఎక్స్‌రే బాగుందన్నారు. ఇంకో డాక్టరు సీఓపీడీ (శ్వాసనాళాలు సన్నబడి గాలి సరిగా బయటికి రాని దీర్ఘకాలిక జబ్బు) కావచ్చంటున్నారు. అది బీడీలు తాగేవాళ్ల జబ్బు కదండీ?

జవాబు: పాతికేళ్లు పొయ్యి ముందు కూర్చుని మీ అమ్మగారు పీల్చినదీ పొగే. పొగగొట్టం లేని వంటింట్లో కట్టెలు మండుతున్నంతసేపూ పీఎం 2.5 (2.5 మైక్రాన్లకు మించని సన్నటి) ధూళి ఘనపు మీటరుకు వందల మైక్రోగ్రాములు ఉంటుంది. 24 గంటల సగటు 60 దాటకూడదని మన దేశ ప్రమాణం. ముతక దుమ్మును ముక్కు, గొంతు చాలావరకు ఆపేస్తాయి. ఈ సన్నటి ధూళి మాత్రం గాలి గదుల దాకా పోతుంది. ఏళ్ల తరబడి అలా చేరితే సన్నటి శ్వాసనాళాల గోడలు వాచి మందమవుతాయి, తెమడ ఎక్కువగా ఊరుతుంది, దాన్ని పైకి నెట్టే నూగు దెబ్బతింటుంది. పీల్చిన గాలి పూర్తిగా బయటికి రాదు. ఆయాసం అందుకే.

నాళాలు సన్నబడటం ఎక్స్‌రేలో కనిపించదు, కాబట్టి అది బాగుందని నిశ్చింతగా ఉండకండి. చేయించాల్సింది స్పైరోమెట్రీ. గుండెల నిండా గాలి పీల్చి ఒక్కసారిగా, కనీసం 6 సెకన్లు ఊదాలి. ఇలా మూడుసార్లైనా సరిగ్గా రావాలి. తర్వాత నాళాలు తెరిచే మందు సాల్బుటమాల్ 4 పఫ్‌లు ఇచ్చి, 15 నిమిషాలాగి మళ్లీ ఊదిస్తారు. మందు తర్వాత కూడా మొదటి సెకనులో వచ్చిన గాలి మొత్తం గాలిలో 70 శాతం లోపే ఉంటే సీఓపీడీ. మందు తర్వాత బాగా మెరుగైతే ఉబ్బసం కోణంలోనూ చూడాలి. ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడే: రెండు మూడు సెకన్లకే ఊదడం ఆపేస్తే మొత్తం గాలి తక్కువగా నమోదై నిష్పత్తి బాగున్నట్టు కనిపిస్తుంది, జబ్బు దాక్కుంటుంది. రిపోర్టులో ఎన్ని సెకన్లు ఊదారో చూడండి. కడుపునిండా తిని వెళ్లొద్దు. ఇన్హేలర్ వాడుతుంటే ఎన్ని గంటల ముందు ఆపాలో అడిగి వెళ్లండి. దగ్గు రెండు వారాలు దాటింది కాబట్టి తెమడ పరీక్షతో టీబీ లేదని ముందే తేల్చుకోవాలి. ఉత్తరాంధ్ర నుంచి రాసేవాళ్లయితే అడ్డపొగ (చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని తాగడం) అలవాటు ఉందా అని కూడా అడుగుతాం.

ఇంకో సంగతి. వంట గ్యాస్ మీదే అయినా స్నానానికి నీళ్లు కాచే పొయ్యి చాలా ఇళ్లలో ఇంకా కట్టెలదే. దాన్నెవరూ లెక్కలో వేసుకోరు! హీటరుకు మారండి. కుదరకపోతే పొయ్యిని గోడవార నుంచి ఆరుబయటికి జరిపి, ఎండిన పుల్లలే వాడండి. అంటించడానికి ప్లాస్టిక్ కవర్లు వెయ్యొద్దు. ఆ పని అమ్మగారికి అప్పగించొద్దు.

పాడైన నాళాలు మళ్లీ కొత్తవి కావు. కానీ పొగ ఆగితే దిగజారడం నెమ్మదిస్తుంది, మందులతో ఆయాసం తగ్గుతుంది. ఇన్హేలర్ ఇస్తే స్పేసర్‌తో (ఇన్హేలర్‌కు తగిలించే గొట్టం) వాడించండి. అది లేకపోతే నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరక మందు గొంతులోనే మిగిలిపోతుంది. బాగా ఊపి, ఊపిరి వదిలి, ఒక పఫ్ నొక్కి, నెమ్మదిగా పీల్చి 10 సెకన్లు బిగబట్టాలి. స్టెరాయిడ్ ఉన్నదైతే తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మాలి, లేదంటే నోట్లో తెల్లపూత వస్తుంది. ఫ్లూ టీకా ఏటా వేయించండి.

ప్రశ్న: మా బాబుకు ఏడేళ్లు, రాత్రిపూట పిల్లికూతలు. ఉండేది హైదరాబాద్‌లో. ఎయిర్ ప్యూరిఫయర్ కొనమంటారా?

జవాబు: ముందు మీ గదిలో దోమల కాయిల్ ఉంటే తీసేయండి. అందులో దోమల మందు కొంచెమే, మిగతాదంతా రాత్రంతా రాజుకునే పొడి. ఒక్క కాయిల్ కాలితే వచ్చే పీఎం 2.5 సుమారు 75 నుంచి 137 సిగరెట్లతో సమానమని 2003లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. దోమతెర, కిటికీ జాలీ చాలు. అగరొత్తులు, సాంబ్రాణి పొగ బాబు పడుకునే గదికి రానీయకండి. ఇవేవీ మార్చకుండా ప్యూరిఫయర్ కొంటే, కుళాయి కట్టకుండా నేల తుడిచినట్టే. అన్నీ మార్చాక కొంటామంటే: 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తున్న గది అంటే 41 ఘనపు మీటర్లు. గంటకు అయిదుసార్లు గాలి మారాలంటే సీఏడీఆర్ (గంటకు శుభ్రం చేసి ఇచ్చే గాలి, ఘనపు మీటర్లలో) 200 పైన ఉండాలి. సన్నటి ధూళిని పట్టే హెపా ఫిల్టర్ చూసుకోండి, ఓజోన్ వదిలే రకం వద్దు. తలుపులు తీసిపెట్టి నడిపితే ఫలితం ఉండదు. పిల్లికూతలకు డాక్టరు రోజువారీ ఇన్హేలర్ రాస్తే, గాలి బాగుందని మానేయొద్దు.

ప్రశ్న: నాకు ఉబ్బసం. సనత్‌నగర్‌లో చలికాలం తెల్లవారుజామున నడుస్తాను. ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) 180 అని చూపిస్తోంది. మాస్క్ చాలా?

జవాబు: చలిరాత్రి తర్వాత చల్లగాలి నేలను అంటుకునే ఉంటుంది, దుమ్ము, పొగ పైకి పోలేవు. ఎండ బాగా కాసి గాలి కదిలాక, రోడ్డు పక్కన కాకుండా నడవండి. 101 నుంచి 200 వరకు 'మధ్యస్థం' అన్నా, ఉబ్బసం ఉన్నవాళ్లకు ఇబ్బంది ఆ మెట్టులోనే మొదలవుతుంది. పైగా రోజువారీ ఏక్యూఐలో ధూళిని 24 గంటల సగటుగా లెక్కిస్తారు, మీరు నడిచే గంటలో అంతకంటే ఎక్కువే ఉండొచ్చు. గుడ్డ మాస్క్ సన్నటి ధూళిని పెద్దగా ఆపదు. ఎన్95 ముక్కు, బుగ్గల దగ్గర సందు లేకుండా అతుక్కుంటేనే పనిచేస్తుంది, గడ్డం ఉంటే అతుక్కోదు. రిలీవర్ ఇన్హేలర్ జేబులో ఉంచుకోండి. అది వాడినా ఒక వాక్యం పూర్తిగా పలకలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా 108కి ఫోన్ చేయండి.