డబ్బు తీర్చలేని లోపాలు: యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

‘ది ఇంట్రూడర్’ సినిమా మీద నువ్వు రాసి పంపిన సమీక్ష అందింది. అమెరికా దక్షిణాన ఒక చిన్న ఊళ్లో, న్యాయస్థానం ఉత్తర్వుతో తెల్లవాళ్ల బడిలో నల్లజాతి పిల్లలు చేరబోతుండగా, ఆడమ్ క్రేమర్ అనే పరాయివాడు వచ్చి జనాన్ని రెచ్చగొట్టే కథ అది. పూర్వాపరాలు వెతికి, కథను పొల్లుపోకుండా చెప్పి, నీ అభిప్రాయాన్ని దాచుకోకుండా రాశావు. వాక్యం నీకు లొంగింది, సంతోషం. అయితే మూడో పేరాలో ఒకచోట ఆగిపోయాను. “బడ్జెట్ పరిమితుల వల్ల కళాత్మకంగా కొన్ని లోపాలున్నప్పటికీ, జాతి విద్వేషాన్ని సూటిగా ప్రశ్నించిన సాహసోపేతమైన చిత్రమిది” అన్నావు. సమీక్షకు పని మొదలయ్యేదే అక్కడ. నువ్వు దాన్ని ఒక్క గెంతులో దాటేశావు. ఆ లోపాలేమిటో చెప్పలేదు. అవి బడ్జెట్ వల్లే వచ్చాయని ఎలా తేల్చుకున్నావో చెప్పలేదు. సాహసం ఉంది గనుక వాటిని చూసీ చూడనట్టు పోవాలా అన్న ప్రశ్న అసలు వేసుకోనేలేదు. ఈ ఉత్తరమంతా ఆ ఒక్క వాక్యం గురించే.

ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. దర్శకుడు రోజర్ కోర్మన్, ఆయన తమ్ముడు జీన్ ఈ సినిమాకు సొంత డబ్బు పెట్టారు. ఖర్చు లక్ష డాలర్లకు లోపే. 1961 వేసవిలో మిస్సోరీ రాష్ట్రం ఆగ్నేయ మూలనున్న చిన్న ఊళ్లలో మూడు వారాల్లో తీశారు. పేరున్న తారలు లేరు. క్రేమర్ వేషం వేసిన విలియం షాట్నర్ అప్పటికింకా నిలదొక్కుకుంటున్న నటుడు. జనంగా కనిపించేవాళ్లు ఆ ఊరివాళ్లే. ఈ సినిమాకు మూలమైన నవలనూ, స్క్రీన్‌ప్లేనూ రాసిన ఛార్లెస్ బ్యూమాంట్ స్వయంగా ప్రధానోపాధ్యాయుడి వేషం వేశాడంటే పొదుపు ఏ స్థాయిలో ఉందో అర్థం చేసుకోవచ్చు. ఈ లేమి తెర మీద కనిపించే చోట్లు ఉన్నాయి. చిన్న వేషాలవాళ్ల సంభాషణలు కొన్ని అప్పజెప్పినట్టు వినిపిస్తాయి. నల్లజాతి కుర్రవాణ్ణి మూక ఉయ్యాలకు కట్టి చంపబోయే చివరి ఘట్టాన్ని ఒకచోట మొదలుపెట్టి, అక్కడి అధికారులు వెళ్లిపొమ్మనడంతో మరోచోట పూర్తి చేయవలసి వచ్చింది. ఇలాంటివి డబ్బు లోపాలు. నిజాయితీగల ప్రేక్షకుడు వీటిని పట్టించుకోడు, నువ్వూ పట్టించుకోనక్కరలేదు.

పైగా ఈ సినిమాలో గొప్పగా ఉన్నవి చాలావరకు డబ్బు లేకపోవడం వల్లే వచ్చాయి. న్యాయస్థానం మెట్ల మీద నిలబడి రాత్రివేళ ఆడమ్ క్రేమర్ చేసే ఉపన్యాసం గుర్తు తెచ్చుకో. తెల్ల సూటు వేసుకున్న ఆ యువకుడు మొదట జనాన్ని బుజ్జగిస్తాడు, తర్వాత భయపెడతాడు, ఆ తర్వాత ఎగదోస్తాడు. కెమెరా అతన్ని వదిలి జనం వైపు మళ్లినప్పుడు మనకు కనిపించేవి నటుల ముఖాలు కావు. ఎండలో పనిచేసి కమిలిన చర్మాలు, వింటున్నాయో లెక్కగడుతున్నాయో తెలియని చూపులు. స్టూడియోలో అద్దెకు తెచ్చిన ఎక్స్‌ట్రాలతో పెద్ద సంస్థ ఆ దృశ్యం తీసి ఉంటే ఆ బరువు వచ్చేది కాదు. ఇక్కడ ఒక చిక్కు కూడా ఉంది. ఆ ఊరివాళ్లకు అసలు స్క్రిప్టు చూపించలేదు, మెత్తబరిచిన ప్రతిని ఇచ్చారు. తమ ముఖాలు ఏ నేరానికి సాక్ష్యంగా నిలబడబోతున్నాయో తెలియని మనుషులను అలా వాడుకోవచ్చునా అన్నది తేలికైన ప్రశ్న కాదు. విషయం న్యాయమైనది గనుక పద్ధతి కూడా న్యాయమైనదే అనుకోవడానికి నా మనసు ఒప్పుకోదు. నీ సమీక్షలో దీనికి ఒక పేరా కేటాయించవచ్చు.

ఇక లోపాల సంగతి. ప్రతి లోపం దగ్గరా ఒకటే ప్రశ్న వేసుకో: ఖర్చు పదింతలు పెట్టి ఉంటే ఇది పోయేదా? పోదని తేలితే అది రచనలోని లోపం. ‘ది ఇంట్రూడర్’లో అసలైన లోపాలన్నీ ఆ రకమైనవే.

మొదటిది జోయి గ్రీన్. తెల్లవాళ్ల పాఠశాలలో అడుగుపెట్టే నల్లజాతి విద్యార్థుల్లో మనకు పేరుపెట్టి పరిచయమయ్యే కుర్రవాడు అతను. కథ అతని కోసమే జరుగుతున్నట్టు ఉంటుంది, కాని అతని లోపల ఏం జరుగుతున్నదో కథకు పట్టదు. అతని ఇంటివాళ్లను చూపించరని కాదు. చూపించినప్పుడు వాళ్లు ధైర్యానికీ సహనానికీ ప్రతినిధులుగా నిలబడతారే తప్ప కోపతాపాలున్న మనుషులుగా నిలబడరు. జోయి నడుస్తాడు, నిందపడతాడు, మూక చేతికి చిక్కుతాడు. అన్నీ అతనికి జరిగేవే, అతను చేసేది దాదాపు ఏమీ లేదు. ఒకే ఒక్క చోట, తప్పించుకునే వీలున్నా మూక ఎదుటికి వెళ్లడానికి నిశ్చయించుకున్నప్పుడు, అతనిలో మనిషి తొంగిచూస్తాడు. ఆ నిశ్చయం ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం రచయిత చెప్పడు.

దీనికి డబ్బు కారణమని అనలేం. సామగ్రి లేదనీ అనలేం. ఈ కథకు మూలం టెన్నెసీ రాష్ట్రంలోని క్లింటన్ అనే ఊరు. విద్యాలయాల్లో జాతి విభజన రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 1954లో తీర్పిచ్చాక, న్యాయస్థానం ఉత్తర్వుతో 1956 ఆగస్టులో 12 మంది నల్లజాతి విద్యార్థులు అక్కడి హైస్కూలులో చేరారు. అంతకు ముందు వాళ్లు ఊళ్లో ఉన్న బడిని కాదని సుమారు 20 మైళ్ల అవతలి నాక్స్‌విల్‌కు బస్సులో వెళ్లి చదువుకోవలసి వచ్చేది. వాళ్లలో బాబీ కెయిన్ అనే విద్యార్థి పై తరగతిలో ఉన్నాడు. ఇంకొక్క ఏడాదిలో చదువు ముగుస్తుందనగా అలవాటైన బడినీ స్నేహితులనూ వదిలి, అరుపుల మధ్య నడుస్తూ కొత్త బడికి పోవడమంటే ఏమిటో ఆలోచించు. చరిత్రలో నిలవాలని ఉంటుందా, లేక ఈ పని తన తర్వాతి తరగతివాడికి పడి ఉంటే బాగుండేదని ఉంటుందా? తల్లిదండ్రుల మీద విసుగు రాదా? 1957లో కెయిన్ ఆ పాఠశాల నుంచే పట్టా పుచ్చుకున్నాడు. ఇంతటి నాటకం కళ్లెదుట ఉండగా, సినిమా తన సమయంలో అధికభాగాన్ని క్రేమర్‌కు ఇచ్చింది. ప్రతినాయకుడి మీద రచయితకు మోజు ఎక్కువైతే కథ ఎవరిదో తారుమారవుతుంది. షాట్నర్ నటన ఎంత బాగుంటే ఈ అన్యాయం అంత పెరిగింది.

రెండోది, విద్వేషాన్ని ఎక్కడ ఉంచారన్నది. తొలి దృశ్యాలు నాకు నచ్చుతాయి. బస్సు దిగిన క్రేమర్ ఊళ్లో వాళ్లను మాటల్లో పెట్టినప్పుడు, వాళ్లు కటువైన మాటలను వాతావరణం గురించి చెప్పినంత మామూలు గొంతుతో చెబుతారు. అంటే నిప్పు అక్కడ ముందే ఉంది. కాని కథ నడిచేకొద్దీ రచయిత ఈ సంగతి మరచిపోయి, భారమంతా ఆ పరాయివాడి భుజాల మీద పెడతాడు. మెట్ల ముందు నిలబడి చప్పట్లు కొట్టిన మనిషిని కెమెరా ఇంటిదాకా వెంబడించదు. అతనికి సొంత పొలం ఉందా, కౌలుదారా? తన కొడుకు పక్క బల్ల మీద నల్లజాతి పిల్లవాడు కూర్చుంటే తానేం పోగొట్టుకుంటానని భయపడుతున్నాడు? ఊరి పెద్ద వెర్న్ షిప్‌మన్ వంటి సంపన్నుడికి ఆ భయం వల్ల ఒరిగేదేమిటి? రాజకీయ చిత్రమని పేరు పెట్టుకున్నాక ఈ ప్రశ్నలను ముట్టుకోకపోతే మిగిలేది ఒక దుర్మార్గుడి కథ.

సేల్స్‌మన్ శామ్ గ్రిఫిన్ కథతో ఇది మరీ దిగజారింది. గ్రిఫిన్ లేనప్పుడు క్రేమర్ అతని భార్యను లోబరచుకుంటాడు. అవమానపడిన భర్త హోటల్ గదిలో అతన్ని నిలదీసినప్పుడు క్రేమర్ పిరికితనం బయటపడుతుంది. ఆ దృశ్యం విడిగా చూస్తే రక్తి కడుతుంది, గ్రిఫిన్‌గా వేసిన లియో గోర్డన్ నటనలో నిండుదనం ఉంది. కాని మొత్తం కథలో దాని స్థానం చూడు. చివర్లో జోయి మీద అబద్ధపు నింద వేసిన అమ్మాయిని వెంటబెట్టుకొచ్చి నిజం చెప్పించేదీ, మూకను ఆపేదీ ఈ గ్రిఫినే. ఒక సమాజం ముందున్న ప్రశ్నకు ఒక భర్త సొంత కక్ష జవాబైంది. మన ఆలంకారికులు ఔచిత్యం అన్నది ఇలాంటి చోటే పనికొస్తుంది.

మూడోది ముగింపు. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది ఇదే, నువ్వు మెచ్చుకున్నదీ ఇదే. పత్రికా సంపాదకుడి కూతురు ఎల్లాను, తండ్రి ప్రాణాలకు ముప్పని క్రేమర్ బెదిరించి, జోయి మీద అత్యాచార నింద వేయిస్తాడు. జోయిని బడి ఆవరణలోని ఉయ్యాలకు కట్టి చంపబోతుండగా ఎల్లా వచ్చి తాను చెప్పింది అబద్ధమని ఒప్పుకుంటుంది. జనం తలలు దించుకుని ఒక్కొక్కరే వెళ్లిపోతారు. ఖాళీ ఆవరణలో క్రేమర్ ఒక్కడే అరుస్తూ మిగులుతాడు. దృశ్యంగా చక్కగా కుదిరింది, ఒప్పుకుంటాను. కాని అది చెబుతున్నదేమిటో నిదానంగా విడదీసి చూడు. మూక వచ్చింది ఆరోపణను నమ్మి కాబట్టి, ఆరోపణ వీగిపోతే మూక కూడా వీగిపోతుందని చెబుతున్నది. ఆ మూక కొంతసేపటి కిందటి దాకా ఏ ఆరోపణా అవసరం లేకుండానే క్రేమర్‌కు జేజేలు కొట్టలేదా? పిల్లలతో కలిసి నడిచిన సంపాదకుడి కన్ను పోయేలా కొట్టినప్పుడు ఏ అమ్మాయి ఏ నింద వేసింది? నింద ఎప్పుడూ సాకు మాత్రమే. 1955లో మిసిసిపీలో 14 ఏళ్ల నల్లజాతి బాలుడు ఎమ్మెట్ టిల్‌ను, తెల్ల స్త్రీతో తప్పుగా ప్రవర్తించాడన్న నింద మీద, చంపినవాళ్లను తెల్లవాళ్లతో నిండిన జ్యూరీ నిర్దోషులని వదిలేసింది. కొద్ది నెలలకే వాళ్లు ‘లుక్’ పత్రికకు డబ్బు తీసుకుని మరీ తామే చంపామని చెప్పుకున్నారు. నిజం బయటపడింది, సిగ్గు మాత్రం బయటపడలేదు.

క్లింటన్ చరిత్ర ఇంకా కఠినమైనది. క్రేమర్ పాత్రకు మూలమైన జాన్ కాస్పర్ బయటి నుంచి వచ్చి రెచ్చగొట్టాడు, అరెస్టయ్యాడు. గవర్నరు నేషనల్ గార్డ్ అనే రాష్ట్ర సైనిక దళాన్ని పంపాడు. 1956 డిసెంబరు 4న ఆ పిల్లలతో కలిసి బడిదాకా నడిచిన తెల్లజాతి పాస్టర్ పాల్ టర్నర్‌ను తిరుగుదారిలో చావబాదారు. సినిమాలో ఆ పాస్టర్ స్థానంలోకే సంపాదకుడు వచ్చాడు. అంతా సద్దుమణిగిందనుకున్నాక, 1958 అక్టోబరు 5న, ఆ పాఠశాలనే డైనమైట్‌తో పేల్చేశారు. పిల్లలు ఓక్‌రిడ్జ్‌లో ఖాళీగా ఉన్న మరో బడికి వెళ్లి చదువుకున్నారు. నవల 1959లో వచ్చింది, సినిమా 1962లో విడుదలైంది. అంటే మూక ఇంటికి వెళ్లిన తర్వాత ఏం జరిగిందో తెలిసే అవకాశం రచయితకు ఉంది. పరాయివాడికి బస్సు టికెట్టు డబ్బులిచ్చి సాగనంపితే ఊరు బాగుపడుతుందన్న ముగింపును అతను కోరి ఎంచుకున్నాడు. ప్రేక్షకుడికి ఊరట కావాలని ఎంచుకున్నాడేమో. ఆ ఊరట ఖరీదు ఆ పాఠశాల.

సంభాషణల గురించి ఎక్కువ చెప్పను. సంపాదకుడి ఇంట్లో జరిగే వాదోపవాదాలు సంపాదకీయాల్లా వినిపిస్తాయి. ఆ మనిషి మొదట్లో చట్టాన్ని గౌరవించేవాడే తప్ప జాతుల కలయికకు మనస్ఫూర్తిగా సుముఖుడు కాడన్న చక్కటి మెలికను వాటి హోరులో మనం గమనించలేకపోతాం.

బడ్జెట్ వాదాన్ని పూర్తిగా వదిలించుకోవాలంటే ‘నథింగ్ బట్ ఎ మ్యాన్’ చూడు. 1964లో వచ్చింది. మైకేల్ రోమర్ దర్శకుడు, రాబర్ట్ యంగ్ ఛాయాగ్రాహకుడు, ఇద్దరూ కలిసి రాసుకున్నారు, ఇద్దరూ తెల్లవాళ్లే. అదీ చిన్న సినిమాయే. అలబామా కథను న్యూజెర్సీలో తీశారు. రైలు పట్టాల పని చేసే డఫ్, పంతులమ్మ జోసీ పెళ్లి చేసుకుంటారు. మిల్లులో కార్మిక సంఘం మాట ఎత్తినందుకు డఫ్ పని పోతుంది. పెట్రోలు బంకులో పనికి కుదిరితే తెల్ల కుర్రాళ్లు కవ్వించి ఆ పనీ పోగొడతారు. ఆ కోపమంతా చివరికి గర్భవతియైన భార్య మీదికి మళ్లుతుంది, ఆమెను తోసేస్తాడు. ఈ ఒక్క చర్యతో విద్వేషం ఇంట్లోకి ఎలా వస్తుందో తెలిసిపోతుంది. డఫ్ సద్గుణరాశి కాడు గనుకనే మనం అతని వెంట ఉంటాం. పాస్టరైన మామగారు తెల్లవాళ్లతో సర్దుకుపోయే మనిషి. అల్లుడికీ ఆయనకూ నడుమ నడిచే మాటల్లో ఉన్నంత రాజకీయం క్రేమర్ ఉపన్యాసంలో లేదు. ఇందులో ఏ దృశ్యానికీ పెద్దగా ఖర్చు కాలేదు.

ఇక నువ్వు చివర్లో రాసిన మాట. ‘ది ఇంట్రూడర్’ డబ్బు పోగొట్టుకుంది గనుక అది కాలానికి ముందున్న చిత్రమన్నావు. తర్వాత ‘షేమ్’, ‘ఐ హేట్ యువర్ గట్స్’ అని పేర్లు మార్చి వదిలినా నడవలేదన్నది నిజమే. సందేశాన్ని పైకి కనిపించకుండా కథ అడుగున దాచాలన్న పాఠం దీనివల్లే నేర్చుకున్నానని కోర్మన్ చెప్పుకున్నాడు. నిర్మాతగా ఆయన లెక్క ఆయనది. విమర్శకు ఆ లెక్కతో పని లేదు. జనం చూడకపోవడం సినిమా గొప్పదనడానికి రుజువు కాదు, చెడ్డదనడానికీ కాదు. ఆ రోజుల్లో ఆ ప్రాంతంలో ఆ సినిమా తీయడానికి గుండె కావాలి. ఆ ధైర్యానికి నమస్కారం పెట్టు, ఒక వాక్యంలో పెట్టు, ఆ తర్వాత పనిలోకి దిగు.

సమీక్షను తిరగరాసేటప్పుడు మూడో పేరాను పూర్తిగా తీసెయ్యి. కథాసారాన్ని సగానికి కుదించు; చదివేవారికి గ్రిఫిన్ ఎవరో, ఎల్లా ఎందుకు అబద్ధమాడిందో తెలిస్తే చాలు. క్లింటన్ పేలుడు సంగతిని చరిత్ర పేరుతో మొదట్లో చెప్పి వదిలేయకుండా, ముగింపును చర్చించే చోటికి తీసుకురా. జోయి గురించి రాయడానికి ముందు అతను కనిపించే దృశ్యాలను మాత్రమే వరుసగా చూసి, ప్రతి దానిలోనూ అతను ఏం కోరుకుంటున్నాడో ఒక్కొక్క ముక్కలో రాసుకో. ఎన్నిచోట్ల ఆ గడి ఖాళీగా మిగులుతుందో అదే నీ పేరాకు ఆధారం. ఉపన్యాస దృశ్యం మీద నువ్వు రాసింది బాగుంది, దాన్ని ముట్టుకోకు. సిద్ధం కాగానే కొత్త ప్రతిని పంపు. పాతది నా దగ్గరే ఉంటుంది, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తాను.

ఆశీస్సులతో.