టీవీ పోటీ నుంచి బయటకు వచ్చిన కంట్రీ గాయనికి నాష్‌విల్‌లో చోటు ఉంటుందా?

మీ ప్రశ్న ఇది: అమెరికన్ టీవీ పాటల పోటీలో మీకు బాగా నచ్చిన కంట్రీ (అమెరికా పల్లెల్లో పుట్టిన సంగీతం) గాయని చివరి పది మందిలోకి వచ్చి వెనుదిరిగింది. ఇక ఆమె కథ ముగిసినట్టేనా, లేక ఏదైనా రికార్డు సంస్థ పిలిచి ఆల్బమ్ చేయిస్తుందా?

ముగియలేదు. ఎవరో పిలుస్తారని కూర్చుంటే మాత్రం ముగుస్తుంది. నేను పాడేవాణ్ని కాదు, కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్ నగరంలో ఆదాయపు పన్ను లెక్కలు చూసే అకౌంటెంటును. నా దగ్గరకు వచ్చేవాళ్లలో గిటారు వాయించేవాళ్లు, పాటలు రాసేవాళ్లు, ఇలాంటి పోటీల్లో పాడి వచ్చినవాళ్లు ఉన్నారు. పేర్లు చెప్పను, చెప్పకూడదు. కానీ ఎవరి డబ్బు ఎటునుంచి వస్తుందో, ఎటు పోతుందో ఏటా ఏప్రిల్ గడువులోపు నా బల్ల మీదికి వస్తుంది కాబట్టి ఆ వైపు నుంచి జవాబు చెబుతాను.

ముందు స్థానం సంగతి. 2003లో 'నాష్‌విల్ స్టార్' అనే పోటీ మొదలైంది. ఆ మొదటి ఏడాది మిరాండా లాంబర్ట్‌కు దక్కింది మూడో స్థానమే. సొంత పాటలే పాడతానని ఆమె పట్టుబట్టింది. 2005లో వచ్చిన తొలి ఆల్బమ్‌లో ఒక్కటి తప్ప అన్ని పాటలూ ఆమె రాసినవో, ఇంకొకరితో కలిసి రాసినవో. అది కంట్రీ ఆల్బమ్‌ల జాబితాలో నేరుగా మొదటి స్థానంలో అడుగుపెట్టింది. అదే పోటీలో 2007లో కేసీ మస్‌గ్రేవ్స్ ఏడో స్థానంలో ఆగిపోయింది. తర్వాత ఐదారేళ్లపాటు ఆమె పేరు బయట పెద్దగా వినబడలేదు. ఆ కాలమంతా నాష్‌విల్‌లో ఇతరుల కోసం నమూనా రికార్డింగులు పాడుతూ, పాటలు రాస్తూ గడిపింది. ఆమె సహ రచయితగా రాసిన ఒక పాటను మిరాండా లాంబర్టే పాడి హిట్ చేసింది. కేసీ పెద్ద సంస్థ నుంచి తన ఆల్బమ్ తెచ్చింది 2013లో, మరో ఆల్బమ్‌కు 'ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్' గ్రామీ అందుకుంది 2019లో. పోటీలో ఆమెకు ఎన్నో స్థానం వచ్చిందో ఈరోజు ఎవరికి గుర్తుంది?

గెలిచినవాళ్ల సంగతి చూడండి. 2014 చివర్లో 'ది వాయిస్' అనే మరో టీవీ పోటీలో క్రెయిగ్ వేన్ బాయిడ్ గెలిచాడు. అతని గెలుపు పాట బిల్‌బోర్డ్ పత్రిక కంట్రీ పాటల జాబితాలో మొదటి వారమే నంబర్ వన్ అయింది. మరుసటి వారం జాబితాలోనే లేదు. కారణం సులభం. అప్పట్లో ఆ పోటీలో ఐట్యూన్స్ అనే ఆన్‌లైన్ దుకాణంలో పాట కొంటే అది కూడా ఓటుగా లెక్కించేవారు. అభిమానులు ఓటు వేయడానికి కొన్నారు, పోటీ అయిపోయింది, కొనడమూ ఆగింది. ఆ పాటను తలకెత్తుకునే రేడియో స్టేషన్లు లేవు. కంట్రీ సంగీతంలో రేడియో మాట ఇప్పటికీ చెల్లుతుంది. కొత్త గాయకులు గిటారు పట్టుకుని ఊరూరా స్టేషన్లకు వెళ్లి, కార్యక్రమాల డైరెక్టర్ గదిలో కూర్చుని పాడి వినిపించాలి. ఒక పాట పైకి ఎక్కడానికి ఏడాదిలో చాలా భాగం పట్టడం ఇక్కడ మామూలే. టీవీ ఇచ్చిన గుర్తింపు అన్నాళ్లు ఉండదు.

క్యారీ అండర్‌వుడ్ మాటేమిటని మీరు అంటారని తెలుసు. 2005లో 'అమెరికన్ ఐడల్' గెలిచి, నాష్‌విల్ రచయితలు రాసిన పాటలతోనే శిఖరానికి చేరింది. నిజమే. కానీ అప్పట్లో ఆ కార్యక్రమాన్ని దేశమంతా ఒకే రాత్రి కూర్చుని చూసేది, నాష్‌విల్ రచయితలు తమ మంచి పాటలు ఆమె ముందు పెట్టారు. ఇప్పుడు ఆ స్థాయి ప్రేక్షకులు ఏ పోటీకీ లేరు. ఆమెను కొలమానంగా పెట్టుకుంటే మిగతావాళ్లందరూ విఫలమైనట్టే కనిపిస్తారు, అది అన్యాయం.

డబ్బు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన తెలుగువాళ్లకు ఈ ఏర్పాటు కొత్త. మనకు 'పాడుతా తీయగా' నుంచి ఒక దారి తెలుసు: పోటీలో మెరిస్తే, అదృష్టం ఉంటే ఒక సంగీత దర్శకుడి పిలుపు వస్తుంది, సినిమాలో పాట దొరుకుతుంది. రాసింది ఎవరు, బాణీ ఎవరిది అనేది గాయకుడి తలనొప్పి కాదు. నాష్‌విల్‌లో అలా పిలిచే సినిమా లేదు. పైగా అమెరికాలో ఎఫ్ఎం రేడియోలో పాట వస్తే డబ్బు రచయితకు, పాట హక్కులున్న ప్రచురణ సంస్థకు వెళ్తుంది. పాడినవాళ్లకు ఒక్క సెంటు కూడా రాదు. ఉపగ్రహ రేడియో, ఇంటర్నెట్ రేడియో మాత్రమే గాయకులకు చెల్లిస్తాయి. ఒకే పాట హిట్ అయిన ఏడాది, దాన్ని పాడినవాళ్ల కాగితాలూ రాసినవాళ్ల కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఇది ఎంత పెద్ద తేడానో అర్థమవుతుంది.

అందుకే ఇక్కడ తెలివైనవాళ్లు పోటీ నుంచి రాగానే సంగీత సంస్థలుండే మ్యూజిక్ రో ప్రాంతంలో పొద్దున్నే ఒక గదిలో ఇద్దరు ముగ్గురితో కూర్చుని పాటలు రాయడం మొదలుపెడతారు. ఆ గదిలో ఎవరు ఎక్కువ రాశారన్న లెక్క సాధారణంగా ఉండదు, ఉన్నవాళ్లందరికీ సమాన వాటా అన్నది ఊరి ఆనవాయితీ. నాకు ఈ పద్ధతి చాలా ఇష్టం. 2018 ఐడల్‌లో మూడో స్థానం వచ్చిన గ్యాబీ బ్యారెట్‌ను నిలబెట్టిన తొలి హిట్ అలా మరో ఇద్దరితో కలిసి రాసుకున్నదే. అదే పోటీలో 2011 విజేత స్కాటీ మెక్‌క్రీరీని 2016లో అతని రికార్డు సంస్థ వదిలేసింది. తాతయ్య జ్ఞాపకంతో తాను కలిసి రాసిన పాటను 2017లో సొంతంగా విడుదల చేశాడు. తర్వాత ఒక చిన్న సంస్థ చేరదీసింది, 2018లో ఆ పాట రేడియో జాబితాలో మొదటి స్థానానికి చేరింది. గెలిచినప్పుడు రానిది అప్పుడు వచ్చింది.

సొంతంగా పాటలు రాసుకోవాలన్న నా వాదనకు అడ్డంగా నిలిచేది మోర్గన్ వాలెన్. 2014లో 'ది వాయిస్' ప్లేఆఫ్ దశలోనే బయటకు వచ్చాడు. 2023లో 16 వారాలు హాట్ 100లో (అన్ని రకాల పాటలకూ కలిపి బిల్‌బోర్డ్ వేసే జాబితా) మొదటి స్థానంలో ఉన్న అతని పాట అతను రాసింది కాదు. అయితే పోటీకీ తొలి ఆల్బమ్‌కీ మధ్య నాలుగేళ్లు ఉన్నాయి, ఆ నాలుగేళ్లలో తనకు సరిపడే రచయితల బృందం, నిర్మాత, సంస్థ దొరికాయి. ఆ కుర్రాడు కంట్రీ గాయకుడిగా స్థిరపడింది ఆ తర్వాతే.

మరి పూట గడిచేది ఎలా? నాష్‌విల్‌లోని లోయర్ బ్రాడ్‌వే వీధి బార్లలో పొద్దున పది నుంచి అర్ధరాత్రి దాటేవరకు పాటలే. సాధారణంగా నాలుగు గంటలు ఒక విడత, కొద్దిపాటి జీతం, మిగతాది జనం బకెట్‌లో వేసే టిప్పులు. టీవీలో కనిపించిన ముఖాలు అక్కడ తరచూ కనిపిస్తాయి, అందులో చిన్నతనం ఏమీ లేదు. చిక్కల్లా ఏమిటంటే, అక్కడ జనం అడిగేది తమకు తెలిసిన పాటలే. సొంత పాట మొదలుపెడితే లేచి పక్క బార్‌కు పోతారు.

ఇక బయట ఊళ్ల ప్రదర్శనలు. వేసవిలో కౌంటీ (మన జిల్లా లాంటిది) జాతరలే కొత్తవాళ్లకు పెద్ద ఆధారం. వాటిలో చాలావాటికి గాయకులను మాట్లాడుకునేది అంతకుముందు చలికాలంలో. ఏప్రిల్‌లో పోటీ నుంచి బయటపడిన అమ్మాయికి ఆ వేసవి సగం చేజారినట్టే. ప్రదర్శనకు 5,000 డాలర్లు అనుకుందాం. ఏజెంటుకు 500, మేనేజర్‌కు 750, నలుగురు వాద్యకారులకు 1,200, వ్యాను, పెట్రోలు, హోటల్ గదులు, భోజనాలకు ఇంకో 1,200. మిగిలింది 1,350. దానిమీద స్వయం ఉపాధి పన్ను 15.3 శాతం, ఆపైన ఆదాయపు పన్ను. బయట పోస్టరు చూసినవాళ్లు ఆమె లక్షాధికారి అనుకుంటారు.

మేనేజర్ అన్నాను కదా, అక్కడే నాకు కోపం వస్తుంది. నా దగ్గరకు వచ్చే ఒక గాయని టీవీ హడావుడి తగ్గకముందే, లాయరుకు చూపించకుండా ఒప్పందం మీద సంతకం పెట్టింది. తర్వాత పొత్తు కుదరక విడిపోయారు. కానీ ఒప్పందం రద్దయినా కొన్నేళ్లపాటు ఆదాయంలో వాటా ఇస్తూ ఉండాలన్న షరతు అందులో ఉంది. ఏ పనీ చేయని మనిషికి ఆమె చెక్కులు రాస్తుంటే ఆ అంకెలు నమోదు చేసేది నేను. ఈ వ్యాపారంలో అలాంటి షరతు మామూలే. ఎన్నేళ్లు, ఎంత శాతం అన్నది బేరమాడుకోవచ్చని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మీ అభిమాన గాయని విషయంలో నేనైతే రెండు చూస్తాను. ఆమె తర్వాతి పాట వచ్చినప్పుడు రచయితల పేర్లలో ఆమె పేరు ఉందా? వచ్చే వేసవి ప్రదర్శనల పట్టిక నిండుతోందా? రెండూ ఉంటే నాలుగైదేళ్లు ఓపిక పట్టండి, మధ్యలో ఆమె కనిపించకపోయినా కంగారు పడకండి. సాయం చేయాలనిపిస్తే టికెట్ కొని వెళ్లి, అక్కడ ఆమె సరుకులు అమ్మే బల్ల దగ్గర ఒక టీషర్టు కూడా కొనండి. కొన్ని వేదికలు దాంట్లోనూ వాటా గుంజుతాయి, అయినా ఆన్‌లైన్‌లో వందసార్లు పాట వింటే ఆమెకు చేరేదానికంటే అది చాలా ఎక్కువ.