ఇంగ్లిషులో ‘సిన్స్’ ఎప్పుడు, ‘ఫర్’ ఎప్పుడు వాడాలి?

పని ఎప్పుడు మొదలైందో చెప్పేటప్పుడు ‘సిన్స్’, ఎంతకాలంగా సాగుతోందో చెప్పేటప్పుడు ‘ఫర్’ వాడాలి. తెలుగులో ‘2019 నుంచి’ అన్నా, ‘మూడేళ్ల నుంచి’ అన్నా ఒకే ‘నుంచి’ సరిపోతుంది కాబట్టి రెండుచోట్లా ‘సిన్స్’ పెట్టేయడం మనకు అలవాటైపోయింది. ఇంగ్లిషు మాత్రం మొదలైన సమయాన్నీ గడిచిన వ్యవధినీ వేరువేరుగా చూస్తుంది. అందుకే ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్’ అనడం తప్పు. ‘ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్’ అనాలి, సంవత్సరమే చెప్పదలిస్తే చివర ‘సిన్స్ 2019’ అనాలి. (ఇక్కడ క్రియారూపం కూడా మారిందన్నది చాలామంది గమనించరు.) ఎక్కువ కాలానికి ‘సిన్స్’, తక్కువ కాలానికి ‘ఫర్’ అనుకోవడం అపోహ మాత్రమే: ‘సిన్స్ దిస్ మార్నింగ్’ అంటే కొన్ని గంటలే, ‘ఫర్ సెంచరీస్’ అంటే వందల ఏళ్లు.