స్పైడర్ కొనేముందు కింద దూరి చూడు

చిరంజీవి కిరణ్‌కు ఆశీస్సులు.

నువ్వు పాత ఇటలీ ఓపెన్ కారు ఆల్ఫా రోమియో స్పైడర్ కొందామనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. కార్ల రూపశిల్పి బతిస్తా పినిన్‌ఫరీనా చేయి పడ్డ చివరి కార్లలో అదొకటి. 1966 మార్చిలో జెనీవా షోలో దాన్ని చూపించారు, ఏప్రిల్లో ఆయన కన్నుమూశారు. పక్కల వెంట లోతుగా సాగే ఆ గాడి, అద్దంలాంటి ప్లాస్టిక్ మూతల కింద హెడ్‌లైట్లు, వెనక్కి సన్నగా దిగే తోక చూస్తే మనసు ఆగదు. ఆగని మనసుతో చెక్కు రాయకూడదు కాబట్టే ఈ ఉత్తరం.

ఇంజన్ గురించి తర్వాత, ముందు తుప్పు. స్పైడర్ ఇంజన్ ఎంత పాడైనా బాగవుతుంది. అదే కుటుంబం ఇంజన్ ఆల్ఫా వాళ్ళ జూలియా, జీటీవీ కార్లలోనూ ఉంది కాబట్టి సామాను ఇప్పటికీ దొరుకుతుంది. బాడీ కుళ్ళితే మాత్రం కారు ఖరీదుకు మించిన ఖర్చు. తలుపుల కింద పొడవునా ఉండే సిల్స్ ఈ కారుకు వెన్నెముక. పైకప్పు లేని బాడీ వంగకుండా ఆపేవి అవే. లోపల, మధ్య, బయట అని మూడు రేకుల పొరలుంటాయి. చాలామంది బయటి పొర ఒక్కటే కొత్తది వేసి రంగు కొట్టి అమ్మేస్తారు, లోపలి రెండూ పొడిపొడిగానే ఉంటాయి. అందుకని పలచటి గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని సిల్ వెంట మెల్లగా జరుపు. పట్టు వదిలేసిన చోట రేకు లేదు, పుట్టీ ఉంది. తలుపు వెనక అంచు దగ్గర సందు పైనా కిందా ఒకేలా ఉందా చూడు. జాకీ ఎత్తాక తలుపు తెరిచి మూసి చూడు. సందు మారినా, తలుపు పట్టేసినా బేరం అక్కడితో ఆపెయ్యి.

అసలు సిల్స్ ఎందుకు కుళ్ళుతాయంటే, గుడ్డ టాప్ మీద పడ్డ వాన నీళ్ళు సీట్ల వెనక కాలవలోకి చేరి గొట్టాల గుండా కారు కిందికి పోవాలి. ఆకులూ దుమ్మూ చేరి ఆ గొట్టం మూసుకుపోతే నీళ్ళు బాడీ లోపలే నిలుస్తాయి. సీసాతో నీళ్ళు తీసుకెళ్ళి ఆ కాలవలో పోసి, వంగి కింద చూడు. ధారగా దిగితే మంచిది. చుక్కలు చుక్కలుగా వచ్చినా, అసలు రాకపోయినా లోపల ఏం జరుగుతోందో అర్థం చేసుకోవచ్చు. ఆ పైన కార్పెట్ ఎత్తి ఫ్లోర్, డిక్కీలో స్పేర్ టైరు గుంత, బ్యాటరీ పెట్టే చోటు చూడాలి. మీ న్యూజెర్సీలో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అక్కడే తిరిగిన కారు కన్నా కాలిఫోర్నియా నుంచో అరిజోనా నుంచో వచ్చినది రవాణా ఖర్చు కలుపుకున్నా చవక పడుతుందని నా అభిప్రాయం.

ఏ మోడల్ అంటావా? పొడుగు తోక కార్లు 1969తో ఆగిపోయాయి, వాటి ధర వేరు. ఆ తర్వాతి తెగ్గోసిన తోకవాటిలో 1962 సీసీ ఇంజనున్న 2000 వెలోచే రోజూ నడుపుకోవడానికి అన్నిటికన్నా హాయి. అయితే 1981 వరకూ అమెరికాకు వచ్చినవాటికి స్పైకా అనే మెకానికల్ ఇంజెక్షన్ పంపు ఉంటుంది. దానికి భయపడి వెబర్ కార్బ్యురేటర్లు పెట్టించుకున్నవాళ్ళు చాలామంది. నిజానికి స్పైకాను సరిగా కుదిర్చితే ఇంజన్ ఎంతో మెత్తగా లాగుతుంది. తరచుగా చెడేది థర్మోస్టాటిక్ యాక్చుయేటర్. అది పోతే ఇంజన్ వేడెక్కిందన్న సంగతి పంపుకు తెలియదు, చలిలో పోసినంత పెట్రోలు పోస్తూనే ఉంటుంది. డిప్‌స్టిక్ తీసి వాసన చూడు. పెట్రోలు వాసన వచ్చినా, ఆయిల్ మట్టం గీత దాటి పైకి ఉన్నా అదే జబ్బు. ఈ తలనొప్పి వద్దనుకుంటే 1982 నుంచి వచ్చిన బాష్ ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ కారు తీసుకో.

వెబర్లున్న కారైతే కార్బ్యురేటర్‌కూ మానిఫోల్డ్‌కూ (ఇంజన్‌లోకి గాలి, పెట్రోలు తీసుకెళ్ళే గొట్టాలకూ) మధ్య ఉండే రబ్బరు మౌంటులు చూడాలి. అవి పగిలితే గాలి దొంగతనంగా లోపలికి పోతుంది, ఐడిల్ నిలవదు. వేలితో నొక్కి చూస్తే పగుళ్ళు తెరుచుకుని కనబడతాయి.

ఇంజన్ బ్లాక్ అల్యూమినియం, పిస్టన్లు ఆడే గొట్టాలు, అంటే లైనర్లు, ఇనుము. వేడికి రెండూ ఒకేలా వ్యాకోచించవు. బ్లాక్ మీద కూర్చునే హెడ్‌కు ఆయిల్ వెళ్ళే దారులను, రెంటి మధ్య ఉండే గ్యాస్కెట్ దగ్గర చిన్న రబ్బరు రింగులు కాపాడుతుంటాయి. అవి గట్టిపడితే ఆయిల్ రేడియేటర్ నీళ్ళలో కలుస్తుంది. అందుకే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు నీళ్ళ ట్యాంకు మూత తీసి జిడ్డు తేలుతోందేమో చూడు. ఆయిల్ మూత కింద కాస్త తెల్లటి నురగ చలిలో చిన్న చిన్న దూరాలు తిప్పినా వస్తుంది, దాన్నిబట్టే తీర్పు చెప్పకు. ఎప్పుడైనా హెడ్ దించితే లైనర్లను వాషర్లు, నట్లతో బిగించి పట్టే వరకూ క్రాంక్ తిప్పవద్దని మెకానిక్‌కు గట్టిగా చెప్పు. లైనర్ లేచిందంటే అడుగు సీలు పోయి, అయిన పని మళ్ళీ మొదటికొస్తుంది.

ఆయిల్ ప్రెషర్ బాగా వేడెక్కాక ఐడిల్‌లో 10–15 పీఎస్ఐ, 3,000 ఆర్‌పీఎం పైన 50 దరిదాపుల్లో ఉండాలి. తక్కువ చూపిస్తే వెంటనే బేరింగులు పోయాయనుకోకు, గేజ్‌కు ప్రెషర్ కబురు పంపే సెండర్లు అబద్ధాలు చెబుతుంటాయి. వేరే గేజ్ తగిలించి చూడమను.

టెస్ట్ డ్రైవ్‌కు వెళ్ళేముందు ఇంజన్ వేడి చేసి ఉంచవద్దని అమ్మేవాడికి ముందే చెప్పు. రెండో గేరు సింక్రో (గేరు అరవకుండా పడేలా చేసే రింగు) అరిగిపోవడం ఈ కార్ల పాత రోగం, చల్లగా ఉన్నప్పుడే బయటపడుతుంది. కొద్దిగా గరగర సహజం. వేడెక్కాక కూడా మూడు నుంచి రెండుకు దించుతుంటే అరిస్తే గేర్‌బాక్స్ విప్పాల్సిందే, ఆ మేరకు ధర తగ్గించమను. కొన్నాక మొదటి పది నిమిషాలు రెండో గేరులోకి నిదానంగా, న్యూట్రల్‌లో ఒక క్షణం ఆగి వెయ్యి. 3,000 దాటించకు. గేర్‌బాక్స్‌లో జీఎల్-4 ఆయిల్ పోయించు, ఇంజన్‌లో జింక్ ఎక్కువున్న 20డబ్ల్యు-50.

వేగం పెరిగే కొద్దీ కింద నుంచి వణుకు వస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్ ముందుండే రబ్బరు కప్లింగ్ చూపించు. ఇంజన్ మౌంటులు కూడా వయసుతో కుంగుతాయి. ఇంజన్ దిగితే దాని అడుగున ఆయిల్ ఉండే అల్యూమినియం చాంబర్ నేలకు మరీ దగ్గరవుతుంది, ఒక్క స్పీడ్ బంప్ చాలు పగలడానికి. మౌంటులు ఖరీదైనవేం కాదు, రాగానే మార్పించు. పెట్రోలు గొట్టాలు కూడా అప్పుడే. ఇప్పటి ఇథనాల్ పెట్రోలు పాత రబ్బరును తినేస్తుంది, వేడి ఇంజన్ మీద కారితే కారే మిగలదు. సీటు దగ్గర చిన్న ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పెట్టుకో.

రెండు వారాలకోసారైనా అరగంట తిప్పాలి, లేకపోతే సీళ్ళు ఎండిపోతాయి, బ్రేకులు పట్టేస్తాయి.

అడ్వాన్స్ ఇచ్చేముందు రెండు సిల్స్ అడుగు భాగం, స్పేర్ టైరు గుంత, కార్పెట్ ఎత్తిన ఫ్లోర్ దగ్గరగా ఫోటోలు తీసి పంపు. పైనుంచి తీసినవి వద్దు.

నీ బాబాయి