బాస్క్ పుస్తకాల సేకరణ జీవనవృత్తి అవుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లోని ఇఫ్లూలో ఎం.ఏ. స్పానిష్ చివరి సంవత్సరం చదువుతోంది. అమెరికాలోని రీనో నగరంలో బాస్క్ ప్రజలకు సంబంధించిన పుస్తకాలతోనే ఒక లైబ్రరీ ఉందని తెలిసినప్పటి నుంచి, అలాంటి చోట లైబ్రేరియన్‌గా పనిచేయాలని పట్టుబడుతోంది. అంత చిన్న విషయం మీద జీవితమంతా చేసే పని ఉంటుందా? ఏం చదివించాలి? (ఒక తండ్రి, హనుమకొండ)

జవాబు: జీవితమంతా చేసినా తరగని పని ఉంది, అయితే ఆ పని ఇచ్చే ఉద్యోగాలు ప్రపంచం మొత్తం మీద చాలా తక్కువ. ఈ రెండూ నిజాలే కనుక, మొదటిదాన్ని చూసి మురిసిపోయి గానీ రెండోదాన్ని చూసి బెదిరిపోయి గానీ నిర్ణయం తీసుకోకండి.

మీరు చిన్న విషయం అన్నారు కాబట్టి ముందుగా ఆ సంగతే చెబుతాను. పిరనీస్ పర్వతాలకు అటూ ఇటూ, కొంత స్పెయిన్‌లో, కొంత ఫ్రాన్స్‌లో నివసించే బాస్క్ ప్రజల భాషకు ప్రపంచంలోని మరే భాషతోనూ చుట్టరికం రుజువు కాలేదు. ఆ భాషలో అచ్చయిన మొదటి పుస్తకం బెర్నాత్ ఎచెపారె కవితా సంపుటి. అది 1545లో ఫ్రాన్స్‌లోని బోర్డో నగరంలో వెలువడింది, ఆ ముద్రణలో నేడు మిగిలిన ఒకే ఒక్క ప్రతి పారిస్‌లోని జాతీయ గ్రంథాలయంలో ఉంది. 1893లో మొదలైన ఒక బాస్క్ వారపత్రిక లాస్ ఏంజెలస్‌లో అచ్చయ్యేది, ఎందుకంటే గొర్రెల కాపరులుగా వలస వెళ్లిన వారి పాఠకలోకం అప్పటికే కాలిఫోర్నియాలో ఏర్పడింది. స్పెయిన్ అంతర్యుద్ధం తరువాత నియంత ఫ్రాంకో పాలనలో ఆ భాషను అణచివేసినప్పుడు, ప్రవాసులు 1942లో బ్వేనస్ ఐరిస్‌లో ఎకిన్ అనే ప్రచురణ సంస్థను స్థాపించారు, 1950లో గ్వాటెమాలా నుంచి ఒక సాహిత్య పత్రికను నడిపించారు. అంటే ఒక చిన్న జాతి పుస్తకాల కోసం రెండు ఐరోపా దేశాలనూ రెండు అమెరికా ఖండాలనూ గాలించాలి. ఏది ఎప్పుడు ఎక్కడ, ఎందుకు అచ్చయిందో తెలియని వ్యక్తికి అసలు ఏం వెతకాలో కూడా తెలియదు.

రీనోలోని గ్రంథాలయ చరిత్ర దీన్ని చక్కగా చూపిస్తుంది. 1967లో, రీనో ఉన్న నెవాడా రాష్ట్రంలో బాస్క్ అధ్యయన కార్యక్రమం మొదలైనప్పుడు, ఫిలిప్ వేరాన్ అనే ఫ్రెంచి పండితుని సొంత గ్రంథాలయం నుంచి కొన్న సుమారు 750 సంపుటాలు ఈ సేకరణకు పునాది అయ్యాయి. దాన్ని పెంచి పెద్దచేసిన జాన్ బిల్‌బావో (1914–1994) స్వతహాగా గ్రంథసూచీకారుడు. బాస్క్ విషయాలపై ఎక్కడ ఏ రచన వచ్చినా నమోదు చేస్తూ అనేక సంపుటాల గ్రంథసూచిని కూర్చిన మనిషి. ముందు ఏమేం ఉన్నాయో జాబితా రాసుకుని, తరువాత మన దగ్గర ఏవి లేవో చూసుకుని, లేనివాటి కోసం వెతికే పద్ధతి అది. ఈ రోజు ఆయన పేరుతోనే ఉన్న ఆ గ్రంథాలయంలో 50,000కు పైగా సంపుటాలు ఉన్నాయి. మీ అమ్మాయి నేర్చుకోవలసిన వృత్తి రహస్యం ఇదేనని నా గట్టి నమ్మకం. ప్రత్యేక సేకరణకు ప్రాణం జాబితాయే, బీరువాలు ఆ తరువాతి మాట.

పుస్తకాల కొనుగోలు విషయంలో జాగు పనికిరాదు. చిన్న భాషల పుస్తకాలు కొద్ది ప్రతులే అచ్చయి త్వరగా అయిపోతాయి కనుక, స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతంలో ఉన్న దురాంగో పట్టణంలో 1965లో మొదలై, ఇప్పుడు ఏటా డిసెంబరులో జరుగుతున్న పుస్తక ప్రదర్శన లాంటి సందర్భాల్లో ఏమేం వచ్చాయో వెంటనే తెలుసుకోవాలి. దుకాణాల్లో దొరకని సామగ్రి మరింత విలువైనది: సంఘాల కరపత్రాలు, ఉత్సవాల ఆహ్వానాలు, కాపరులు ఇంటికి రాసిన ఉత్తరాలు, వారి ఫోటోలు. ఇవి దానంగా వస్తాయి. ఇచ్చే కుటుంబంతో ఓపికగా మాట్లాడటం, హక్కులు ఎవరివో రాతపూర్వకంగా తేల్చుకోవడం, సేకరణకు అవసరం లేనివాటిని నొప్పించకుండా తిరస్కరించడం కూడా ఈ ఉద్యోగంలో భాగమే.

అసలు కష్టం కేటలాగింగ్‌లో, అంటే పాఠకుడు వెతికితే దొరికేలా పుస్తకాల వివరాలు నమోదు చేయడంలో ఉంది, మీ అమ్మాయి ఆసక్తికి నిజమైన పరీక్ష అక్కడే. బాస్క్ భాషాశాస్త్రానికి మూలస్తంభమైన ఒకే పండితుడు స్పానిష్ పుస్తకాల మీద లూయిస్ మిచెలేనాగా, బాస్క్ పుస్తకాల మీద కోల్దో మిచెలేనాగా కనిపిస్తాడు. సాన్ సెబాస్టియన్ నగరమే దొనోస్తియా, పాంప్లోనాయే ఇరూన్యా. 1968లో ప్రామాణిక బాస్క్ భాషకు పునాది పడేదాకా ఒక్కో ప్రాంతంలో ఒక్కో వర్ణక్రమం ఉండేది, ఆ భాష పేరునే నాలుగైదు విధాలుగా రాసేవారు. పాఠకుడు ఏ రూపంలో వెతికినా పుస్తకం దొరకాలంటే ఈ రూపాలన్నిటినీ ఒకే అధికారిక పేరుకు ముడివేయాలి. శ్రీరంగం శ్రీనివాసరావు అని వెతికిన వారికి శ్రీశ్రీ పుస్తకాలు దొరకాలంటే చేయవలసిన పని కూడా ఇదే కనుక, తెలుగు చదివిన అమ్మాయికి ఇది కొత్తగా అనిపించదు. వర్గీకరణలో మరో చిక్కు ఉంది. అమెరికా జాతీయ గ్రంథాలయం లాంటిదైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పద్ధతిలో బాస్క్ భాష, ఏ సంబంధమూ లేని ఫిన్నిష్, హంగేరియన్ భాషలతో కలిసి పీహెచ్ వర్గంలో ఉంటుంది; చరిత్ర గ్రంథాలేమో కొన్ని స్పెయిన్ కిందికి, కొన్ని ఫ్రాన్స్ కిందికి, వలసల గురించినవి అమెరికాల కిందికి చెదిరిపోతాయి. బాస్క్ సేకరణను విడిగా ఒకచోట ఉంచడానికి బలమైన కారణం ఇదే.

నిర్వహణ గురించి రెండు మాటలు చాలు. యుద్ధకాలంలోనూ ప్రవాసంలోనూ నాసిరకం కాగితంపై అచ్చయినవి పెళుసుబారతాయి కనుక వాటికి ఆమ్లరహిత పెట్టెలు, నిలకడైన చల్లదనం, వీలైతే డిజిటల్ ప్రతి అవసరం. మామూలు లైబ్రరీలో ఎవరూ అడగని పుస్తకాన్ని తీసివేస్తారు. ఇక్కడ పదేళ్లుగా ఎవరూ తాకని పుస్తకం ఆ ఖండంలో మిగిలిన చివరి ప్రతి కావచ్చు.

ఇక చదువు సంగతి. స్పానిష్ చేతిలో ఉంది కాబట్టి చదివి అర్థం చేసుకునేంత ఫ్రెంచి, ఆపైన బాస్క్ నేర్చుకోవాలి. ఉస్మానియా, ఆంధ్ర విశ్వవిద్యాలయాలు రెండింటిలోనూ గ్రంథాలయ శాస్త్ర విభాగాలు ఉన్నాయి; ముందు ఇక్కడ బి.ఎల్.ఐ.ఎస్సీ. (గ్రంథాలయ, సమాచార శాస్త్ర డిగ్రీ) చేయించండి. అమెరికాలోని విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు సాధారణంగా అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ గుర్తింపు ఉన్న మాస్టర్స్ డిగ్రీని కోరతాయి. ఆ ఖర్చు పెద్దది కనుక, పని నచ్చిందో లేదో తేలకముందే అప్పు చేయవద్దని నా సలహా.

బాస్క్ ఉద్యోగం దొరక్కపోతే ఏమవుతుందన్న మీ భయం సహేతుకమైనదే. అయితే ఇదే నైపుణ్యానికి ఆమె మాతృభాష మరో దారి తెరుస్తుంది. 1962 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి న్యూఢిల్లీ కార్యాలయం ద్వారా అమెరికా విశ్వవిద్యాలయాలకు తెలుగు పుస్తకాలు చేరుతూ వచ్చాయి. ఆ సేకరణలను చూసుకునే దక్షిణాసియా లైబ్రేరియన్లకు మన భాషలు రావడం పెద్ద అర్హత. అందుకే స్పానిష్ మోజులో తెలుగు చదవడం మానవద్దని ఆమెకు నా మాటగా చెప్పండి.

మీ ఊళ్లోనే 1904లో వెలసిన రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం ఉంది. ఈ సెలవుల్లో అక్కడి నిర్వాహకుల అనుమతితో అమ్మాయిని ఒక నెల రోజులు కూర్చోబెట్టి, ఏదో ఒక పాత పత్రిక సంచికలన్నిటికీ పేరు, సంపాదకుడు, తేదీ, లేని సంచికలు, కాగితం స్థితి నమోదు చేస్తూ ఒక జాబితా తయారు చేయమనండి. నెల తిరిగేసరికి, లేని సంచికలు ఏ ఊళ్లో ఎవరి దగ్గర ఉండవచ్చో ఆమె తనంతట తానే ఆరా తీయడం మొదలుపెడితే, ఆ జాబితాను వెంట ఉంచుకుని బి.ఎల్.ఐ.ఎస్సీ. దరఖాస్తు నింపించండి.