కొడుకు కోచ్ అవుతానంటే ఇంట్లో మాటలు ఆగిపోవాలా?

ప్రశ్న: మేం గుంటూరు నుంచి వచ్చి డాలస్ పక్కన ఫ్రిస్కోలో స్థిరపడ్డాం. మావారు సాఫ్ట్‌వేర్ ఇంజినీర్. ఒక్కడే కొడుకు, ఇక్కడే పుట్టాడు. వయసు ఇరవై రెండు. మొన్న మేలో కంప్యూటర్ సైన్స్ డిగ్రీ పూర్తయింది. కాలేజీలో మూడేళ్లు బాస్కెట్‌బాల్ టీముకు స్టూడెంట్ మేనేజర్‌గా ఉన్నాడు. ఆడింది లేదు, బంతులు అందించడం, వీడియోలు తీయడం, అంతే. ఇప్పుడు బ్యాంకులో వచ్చిన మంచి ఉద్యోగం వద్దని, కాన్సాస్‌లో ఒక చిన్న ఊళ్లో డివిజన్ 2 (కాలేజీ ఆటల్లో రెండో అంచె) కాలేజీలో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా, అంటే మాస్టర్స్ చదువుతూ జట్టు కోచ్‌కు సాయం చేసేవాడిగా, చేరతానంటున్నాడు. ఫీజు కట్టక్కర్లేదట, చేతికొచ్చే డబ్బు మాత్రం ఇంటద్దెకు సరిపోతే గొప్ప. ఎప్పటికైనా కాలేజీ కోచ్ అవుతాడట. మావారు నెలరోజులుగా వాడితో మాట్లాడటం లేదు. ‘ఆడనివాడు కోచ్ ఏంటి?’ అని నామీద అరుస్తున్నారు. మా ఆడపడుచు అడిగితే వాడు ఎం.ఎస్. చేయబోతున్నాడని చెప్పాను. వాడి మనసు మార్చే దారి చెప్పండి.
– ఒక తల్లి

జవాబు: అమ్మా, వాడి మనసు మార్చే దారి నా దగ్గర లేదు. మూడేళ్లపాటు ఎవరో ఆడే ఆటకు తెల్లవారుజామునే లేచి బంతులు అందించి, తడిసిన తువాళ్లు ఏరి, రాత్రిళ్లు కూర్చుని వీడియోలు కత్తిరించిన పిల్లాడు ఇంకా అదే కావాలంటున్నాడు. టీవీలో మ్యాచ్ చూసి పుట్టిన సరదా అయితే మొదటి చలికాలానికే వదిలిపోయేది. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది వాడి నిర్ణయం కన్నా ఆ నెలరోజుల మౌనం. దానికి తర్వాత వస్తాను. ముందు మీవారి ప్రశ్న చూద్దాం, అందులో న్యాయముంది.

ఆడనివాడు కోచ్ అవుతాడా అంటే, అవుతాడు. లారెన్స్ ఫ్రాంక్‌కు హైస్కూల్ టీములోనే చోటు దొరకలేదు. ఇండియానా యూనివర్సిటీలో కోచ్ బాబ్ నైట్ దగ్గర మీవాడిలాగే స్టూడెంట్ మేనేజర్‌గా చేరాడు. 2004లో అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో నెట్స్ జట్టుకు హెడ్ కోచ్ అయ్యాడు. ఫ్రాంక్ వోగెల్ ఒక చిన్న కాలేజీలో బయాలజీ చదువుతూ అక్కడి జట్టులో ఆడేవాడు. అది వదిలి, మేనేజర్ పని కోసమే కెంటకీ యూనివర్సిటీకి మారాడు. 2020లో లేకర్స్ జట్టు ఎన్‌బీఏ టైటిల్ గెలిచినప్పుడు వాళ్ల కోచ్ అతనే. ఇక మీ ఇంటి కథకు బాగా దగ్గరగా ఉండేవాడు బ్రాడ్ స్టీవెన్స్. ఎకనామిక్స్ చదివాడు, ఇండియానాపోలిస్‌లో ఎలై లిల్లీ మందుల కంపెనీలో ఉద్యోగం చేస్తూ 2000లో మానేసి, బట్లర్ యూనివర్సిటీ జట్టులో జీతం లేకుండా పనిచేస్తానని వెళ్లాడు. 2007లో, ముప్ఫై ఏళ్లకు, అక్కడే హెడ్ కోచ్. 2010లోనూ 2011లోనూ ఆ చిన్న కాలేజీని జాతీయ ఫైనల్ దాకా తీసుకెళ్లాడు.

ఈ పేర్లు మీవారికి చెప్పండి, కానీ వీటిని చూపించి వాదన గెలవాలని చూడకండి. పేర్లు మనకు తెలిసింది వాళ్లు పైకొచ్చారు కాబట్టి. వాళ్లతోపాటే మొదలుపెట్టి, నలభై ఏళ్లొచ్చేసరికి ఇన్సూరెన్స్ అమ్ముకుంటూనో హైస్కూల్లో పాఠాలు చెప్పుకుంటూనో ఉన్నవాళ్లు చాలామంది. అది తక్కువ బతుకని కాదు. వాడు ఆ సంగతి తెలిసే వెళ్తున్నాడా అన్నదే మీరు అడగాల్సింది.

ఈ వృత్తిలో అసలు కష్టం జీతం కాదు, కుదురులేకపోవడం. నవంబరు మొదట్లో సీజన్ మొదలైతే మార్చి దాకా థ్యాంక్స్‌గివింగ్‌కూ రాలేడు, సంక్రాంతికీ రాలేడు. సీజన్ ముగిసిందంటే ఉద్వాసనల కాలం. హెడ్ కోచ్‌ను తీసేస్తే కిందివాళ్లూ సామాన్లు సర్దుకోవలసిందే, ఎందుకంటే వచ్చే కొత్తాయన తన మనుషులను వెంటబెట్టుకొస్తాడు. మీవాడు తన పని ఎంత బాగా చేసినా, ఎవరో పందొమ్మిదేళ్ల కుర్రాడు ఆఖరి క్షణంలో బంతి తప్పేసినందుకు ఊరు మారాల్సి రావచ్చు. తర్వాతి ఉద్యోగం ఎక్కువగా తెలిసినవాళ్ల నోటి మాట మీదే దొరుకుతుంది. ఏటా ఫైనల్ ఫోర్ (కాలేజీల జాతీయ టోర్నీ చివరి మ్యాచ్‌లు) జరిగే ఊళ్లోనే కోచ్‌ల సంఘం సమావేశం కూడా ఉంటుంది. చిన్న కోచ్‌లు అక్కడి హోటల్ లాబీల్లో నిలబడి పలకరింపుల్లోనే పని వెతుక్కుంటారు.

పైగా కాలం మారింది. డ్యూక్ యూనివర్సిటీలో కోచ్ మైక్ షిషెవ్‌స్కీ మొదటి మూడు సీజన్లలో 38 గెలిచి 47 ఓడాడు. తీసేయమని గోల చేసినా కాలేజీ ఓపిక పట్టింది, తర్వాత ఐదు జాతీయ టైటిళ్లొచ్చాయి. ఇప్పుడంత ఓపిక అరుదు. 2021 నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చు, కాలేజీ మారడమూ సులువైంది. ప్రతి వసంతంలోనూ జట్టును మళ్లీ మొదటినుంచి కట్టుకోవాలి. 2019లో వర్జీనియా యూనివర్సిటీకి జాతీయ టైటిల్ తెచ్చిన కోచ్ టోనీ బెనెట్ అంతటివాడు, ఈ కొత్త పద్ధతికి తాను సరిపోనని, 2024 అక్టోబరులో సీజన్‌కు కొద్ది వారాల ముందు తప్పుకున్నాడు.

అయితే ఆ మార్పులోనే మీవాడికి కలిసొచ్చేదీ ఉంది. 2023 నుంచి పై అంచె అయిన డివిజన్ 1 జట్లు మరో ఇద్దరు అసిస్టెంట్లను పెట్టుకోవచ్చు. ఏ ఆటగాడిని తెచ్చుకోవాలి, ఎంత ఇవ్వాలి అన్నది లెక్కలు చూసే తేల్చుకుంటున్నారు. వీడియో పని అంతా సాఫ్ట్‌వేర్ మీదే. డేటా చదవగలిగిన కుర్రాడికి అక్కడ విలువుంది. కాబట్టి నాలుగేళ్ల కంప్యూటర్ సైన్స్ గంగలో కలిసిందని మీవారు బాధపడక్కర్లేదు. ఫీజు లేకుండా చేసే ఆ మాస్టర్స్ ఏ సబ్జెక్టులో అన్నది మాత్రం జాగ్రత్తగా చూసుకోమనండి. ఎక్కువమంది స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ తీసుకుంటారు. ఆ కాలేజీలో డేటా అనలిటిక్స్ లాంటిది ఉంటే అదే మేలు. రేపు కోచింగ్ కుదరకపోయినా చేతిలో పనికొచ్చే డిగ్రీ ఉంటుంది.

ఇక మీవారి సంగతి. ఆయన కోపం వెనక నాకు కనిపించేది నిస్సహాయత. కొడుకు సాఫ్ట్‌వేర్‌లో చేరితే ఆయన పాతికమందికి ఫోన్ చేయగలడు, రెజ్యూమే దిద్దగలడు, ఏ మేనేజర్ ఎలాంటివాడో చెప్పగలడు. ఈ దారిలో ఆయనకు తెలిసినవాడు ఒక్కడూ లేడు. పిల్లాడికి తన అవసరం లేకుండా పోయిందని మనసులో గుచ్చుకుంటోంది. మన మగవాళ్లు అది నోటితో చెప్పరు, ఇల్లాలి మీద అరుస్తారు. మీరు ఇద్దరి మధ్యా కబుర్లు మోయడం ఈరోజుతో ఆపేయండి. ‘నాన్న ఇలా అన్నారు, వాడు అలా అన్నాడు’ అని మీరు చేరవేస్తున్నంత కాలం వాళ్లకు ఎదురుపడే అవసరమే రాదు.

ఆయనకు ఆయన చేయగల పని అప్పగించండి. ఉద్యోగం గురించి ఆరా తీయడం ఆయనకు కొత్త కాదు. అక్కడి హెడ్ కోచ్ ఎన్నాళ్లుగా ఉన్నాడు, కాంట్రాక్టు ఇంకా ఎంత మిగిలింది, ఆయన దగ్గర ఇంతకుముందు గ్రాడ్యుయేట్ అసిస్టెంట్లుగా చేసినవాళ్లు ఇప్పుడెక్కడున్నారు? ఈ మూడోది అన్నిటికన్నా ముఖ్యం. వాళ్లకు మరోచోట పూర్తి జీతం ఉద్యోగాలు దొరికి ఉంటే ఆయన శిష్యులను పైకి తెచ్చే మనిషి. ఎవరూ ఎక్కడా లేకపోతే చవకగా చాకిరీ చేయించుకునే మనిషి. అప్పుడు మరో కాలేజీ చూసుకోమని చెప్పడానికి మీవారికి గట్టి కారణం ఉంటుంది, వాడూ వింటాడు. ఆరోగ్య బీమా దిగులు పెట్టుకోకండి, 26 ఏళ్లు నిండేదాకా వాడు మీ ప్లాన్‌లోనే ఉండొచ్చు.

డబ్బు విషయం ముందే తేల్చుకోండి. నెలకింత ఇస్తామని ఇద్దరూ కలిసి ఒక అంకె అనుకుంటే ఇవ్వండి, లేదంటే మానేయండి. మీవారికి తెలియకుండా మీరు పంపడం మాత్రం వద్దు. బయటపడ్డ రోజు గొడవ బాస్కెట్‌బాల్ గురించి ఉండదు. గడువు కూడా వాడినే చెప్పమనండి. గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ పని సాధారణంగా రెండేళ్లు. అది అయ్యాక ఎవరైనా వాడిని పిలిచి జీతమిస్తామన్నారా లేదా అన్నది చూసుకోవాలి. అనకపోతే ఇంకెన్నాళ్లు చూస్తాడో, ఇరవై నాలుగేళ్లకు వాడే చెప్పాలి. పెళ్లి మాట అప్పటిదాకా ఎత్తకండి. ఎత్తితే మాత్రం, ఏడాదికో ఊరు మారాల్సి రావచ్చని అమ్మాయి వాళ్లకు ముందే చెప్పి తీరాలి.

ఆడపడుచుకు మీరు చెప్పింది అబద్ధమేమీ కాదు, వాడు నిజంగానే మాస్టర్స్ చేస్తాడు. కాకపోతే సగమే చెప్పారు. మిగతా సగం కూడా ఈ వారంలో మీరే చెప్పేయండి. నవంబరులో ఆ కాలేజీ వెబ్‌సైట్‌లో కోచింగ్ సిబ్బంది ఫొటోల మధ్య మేనల్లుడు కనబడి, ఆవిడే మీకు ఫోన్ చేసి అడిగేదాకా ఎందుకు?