డాక్టర్ సలహా: సైక్లోస్పోరిన్ డోసు మారలేదు, మరి రక్తపరీక్ష ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. కిడ్నీ మార్పిడి జరిగినప్పటి నుంచి కొత్త కిడ్నీని శరీరం తిప్పికొట్టకుండా ఆపే మందు సైక్లోస్పోరిన్‌ను పాత రకం ద్రావణంగా వాడుతున్నారు. పూటకు 1 మి.లీ. చొప్పున రోజుకు రెండుసార్లు పాలలో కలిపి తాగుతారు. ఇప్పుడు డాక్టర్ గారు దాన్ని మైక్రోఎమల్షన్ (నీటిలో అతి చిన్న చుక్కలుగా విడిపోయే) రకానికి మార్చారు. డోసు మాత్రం అదే 1 మి.లీ. అయినా మొదలుపెట్టిన వారంలోపే రక్తపరీక్షకు రమ్మన్నారు. మందూ డోసూ ఒకటే అయినప్పుడు పరీక్ష దేనికి? కొత్త సీసాను ఫ్రిజ్‌లో పెడితే జిగురులా గట్టిపడింది, పారేయాలా? పాత సీసాలో సగం మందు మిగిలి ఉంది. అది అయిపోయాక కొత్తది మొదలుపెట్టవచ్చా?

జవాబు: ముందు మీ చివరి ప్రశ్న సంగతి చూద్దాం. పాతది అయిపోయేదాకా ఆగకండి. డాక్టర్ చెప్పిన రోజునే కొత్తది మొదలుపెట్టాలి, ఎందుకంటే రక్తపరీక్ష తేదీని ఆ రోజును బట్టే లెక్కవేసి ఇస్తారు. ఇప్పటికే ఆలస్యమై ఉంటే ఫోన్ చేసి ఆ మాట చెప్పి, కొత్త తేదీ అడగండి. ఈలోగా ఏ పూటా మందు మానకూడదు. ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి అని రెండు సీసాలూ కలిపి వాడటం మాత్రం అస్సలు వద్దు.

గట్టిపడిన సీసాను పారేయనక్కర్లేదు. అందులో సహజమైన నూనెల నుంచి వచ్చిన పదార్థాలు ఉంటాయి. 20 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడితే అవి జెల్లీలా పేరుకుంటాయి. సీసాను బయట గది వేడిలో ఉంచితే, 25 నుంచి 30 డిగ్రీల మధ్య మళ్లీ కరుగుతుంది. సన్నని పలుకులో, అడుగున కాస్త మడ్డో మిగిలినా మందు పనితనం తగ్గదు. వేడినీళ్లలో ముంచడం, మైక్రోవేవ్‌లో పెట్టడం లాంటివి చేయకండి. జెల్లీగా ఉన్నప్పుడు సిరంజిలోకి లాగితే కొలత తప్పుతుంది కాబట్టి పూర్తిగా పలచబడేదాకా ఆగండి. ఇకమీదట ఫ్రిజ్‌లో పెట్టవద్దు. సీసా తెరిచిన తేదీని దానిమీదే రాసి, రెండు నెలల్లోపు వాడేయండి.

ఇక అసలు ప్రశ్న. మందు ఒకటే, డోసూ ఒకటే, కానీ రక్తంలోకి చేరే మందు ఒకటి కాదు.

సైక్లోస్పోరిన్ 11 అమైనో ఆమ్లాలు గుండ్రంగా ముడిపడిన పెద్ద అణువు. అణుభారం దాదాపు 1,202. కొవ్వులో బాగా కలుస్తుంది కానీ నీళ్లలో దాదాపుగా కరగదు. పేగు గోడను అంటుకుని పలచని నీటి పొర ఉంటుంది. కరిగిన మందే ఆ పొర దాటి గోడను చేరుతుంది, కరగనిది మలంతో బయటికి పోతుంది. పాత ద్రావణంలో మందును ఆలివ్ నూనె, ఆల్కహాల్ వంటి వాటిలో కరిగించి ఇచ్చేవారు. అది కడుపులోకి వెళ్లాక ముతక నూనె చుక్కలుగా విడిపోతుంది. వాటిని చిన్నవిగా చేసే పని పైత్యరసానిది, పాంక్రియాస్ నుంచి వచ్చే ఎంజైములది. ఆ రోజు పైత్యరసం ఎంత ఊరింది, అన్నంలో కొవ్వు ఎంత ఉంది, పేగు ఎంత వేగంగా కదిలింది అన్నదాన్ని బట్టి రక్తంలోకి చేరే మందు మారిపోయేది. సగటున 30 శాతం చేరేదని లెక్క. కానీ కాలేయ మార్పిడి జరిగిన కొందరిలో 10 శాతం కూడా చేరలేదు, కిడ్నీ మార్పిడి జరిగిన కొందరిలో 89 శాతం దాకా చేరింది. కాలేయ మార్పిడి తర్వాత గొట్టం పెట్టి పైత్యరసాన్ని బయటికి తీసే రోజుల్లో ఈ నూనె మందు పేగు దాటడమే కష్టమయ్యేది.

మైక్రోఎమల్షన్ రకం అమెరికాలో 1995లో అనుమతి పొందింది. మీ సీసాలో ఉన్నది నిజానికి ఇంకా మైక్రోఎమల్షన్ కాదు, దాని గాఢ ద్రవం. అందులో నీరు ఉండదు. మొక్కజొన్న నూనె నుంచి చేసిన కొవ్వులు, ఆముదం నుంచి చేసిన సర్ఫాక్టెంట్ అనే సబ్బులాంటి పదార్థం, ప్రొపిలీన్ గ్లైకాల్, ఆల్కహాల్ ఉంటాయి. నీరు తగలగానే, పైత్యరసం కోసం అంతగా ఎదురుచూడకుండా, అదే 100 నానోమీటర్ల కంటే చిన్న చుక్కలుగా విడిపోతుంది. (చుక్కలు నానో, పేరు మాత్రం మైక్రో. ఆ పేరు 1959 నాటిది, నానో అనే మాట ఫ్యాషన్ కాకముందుది.) వెలుగును పెద్దగా చెదరగొట్టలేనంత చిన్న చుక్కలు కాబట్టి ఇది పాలలా తెల్లగా కనిపించదు. తేటగానో, లేత నీలి ఛాయతోనో ఉంటుంది.

చుక్క సైజుకు అంత ప్రాధాన్యం ఎందుకో ఒక లెక్క వేసి చూడండి. 1 మి.లీ. నూనెను 10 మైక్రాన్ల (అంటే 10,000 నానోమీటర్ల) చుక్కలుగా చేస్తే వాటన్నిటి ఉపరితలం కలిపి 0.6 చదరపు మీటర్లు. అదే నూనెను 50 నానోమీటర్ల చుక్కలుగా చేస్తే 120 చదరపు మీటర్లు, అంటే 200 రెట్లు. మందు పేగు నీటిలోకి దిగడానికి దొరికే చోటు అంత పెరుగుతుంది.

అందుకే కిడ్నీ మార్పిడి జరిగినవారిలో అదే డోసుకు రక్తంలోకి చేరే మొత్తం మందు 20 నుంచి 50 శాతం ఎక్కువగా, అత్యధిక స్థాయి 40 నుంచి 106 శాతం ఎక్కువగా కనిపించాయి. ఈ మందు తక్కువైతే శరీరం కొత్త కిడ్నీని తిప్పికొడుతుంది, ఎక్కువైతే మందే ఆ కిడ్నీని పాడుచేస్తుంది. మధ్యలో ఉన్న చోటు ఇరుకు. మామూలు పద్ధతి ఏమిటంటే, మొదట అదే మిల్లీగ్రాములతో మార్చి, పాత స్థాయికి కుదురుకునేదాకా 4 నుంచి 7 రోజులకోసారి రక్తంలో మందు స్థాయి చూసి, డోసు సరిచేస్తారు. మొదటి రెండు నెలలు ప్రతి రెండు వారాలకు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష), బీపీ చూస్తారు. పాత రకం ఒంటికి సరిగా పట్టక పెద్ద డోసు (కిలో బరువుకు రోజుకు 10 మి.గ్రా. పైన) వాడినవారిని ఇంకా దగ్గరగా గమనించాలి, ఎందుకంటే వారిలోనే స్థాయి ఒక్కసారిగా ఎగబాకే వీలుంది. మీ డాక్టర్ వారంలోపు రమ్మనడం సరైన పనే.

ఆ పరీక్ష రోజున ఎక్కువమంది ఒకే పొరపాటు చేస్తారు. అలవాటుగా పొద్దున్నే మందు తాగేసి ల్యాబ్‌కు వెళతారు. ట్రఫ్ స్థాయి (తర్వాతి డోసుకు ముందు రక్తంలో ఉండే అతి తక్కువ స్థాయి) అడిగితే రాత్రి డోసు తర్వాత 12 గంటలకు, ఉదయం డోసుకు ముందు రక్తం ఇవ్వాలి. మందు సీసా వెంట తీసుకెళ్లి, రక్తం ఇచ్చాక తాగండి. సీ2 అనే పరీక్ష అడిగితే డోసు తాగిన సరిగ్గా 2 గంటలకు ఇవ్వాలి. పావుగంటకు మించి అటూ ఇటూ అయితే అంకె తప్పుదారి పట్టిస్తుంది, ఎందుకంటే ఈ రకం గంటన్నర నుంచి రెండు గంటల్లో శిఖరానికి చేరుతుంది. ఏ పరీక్ష రాశారో ముందే అడిగి, చివరి డోసు తాగిన సమయాన్ని ల్యాబ్ చీటీమీద రాయించండి.

తాగే పద్ధతి కూడా మారుతుంది. పాత రకాన్ని పాలలో కలిపేవారు, దీన్ని పాలలో కలిపితే రుచి భరించలేరు. గది వేడిలో ఉన్న నారింజ రసమో, ఆపిల్ రసమో గాజు గ్లాసులో తీసుకోండి. ప్లాస్టిక్ గ్లాసు వద్దు, మందు దానికి అంటుకుంటుంది. సిరంజితో 1 మి.లీ. వేసి, బాగా కలిపి, వెంటనే తాగాలి. తర్వాత అదే గ్లాసులో మరికాస్త రసం పోసి తిప్పి తాగితే అంటుకున్న మందు కూడా లోపలికి వెళుతుంది. సిరంజిని నీళ్లతో కడగకండి, పొడి గుడ్డతో బయట తుడిస్తే చాలు. తడి సిరంజిని సీసాలో పెడితే ఆ నీటి చుక్కతో లోపలి ద్రవం పాడవుతుంది. సీసా మూత కూడా బిగించి ఉంచాలి, తెరిచి ఉంచితే ఆల్కహాల్ ఆవిరైపోయి పదార్థాల పాళ్లు తప్పుతాయి. క్యాప్సూల్‌కు మారినా ఇదే కారణంతో వాడే నిమిషం దాకా వాటిని రేకులోనే ఉంచాలి. రేకు చింపగానే ఘాటు వాసన వస్తే కంగారుపడకండి, అది ఈ మందు వాసనే.

తిండితో దీనికి గొడవ తక్కువే కానీ అసలు లేకపోలేదు. డోసుకు అరగంట ముందు బాగా కొవ్వున్న భోజనం చేస్తే మొత్తం మందు 13 శాతం, శిఖర స్థాయి 33 శాతం తగ్గాయి. భోజనానికి ముందో తర్వాతో ఒకటి ఎంచుకుని రోజూ అదే సమయానికి తాగండి. రసాన్ని కూడా మాటిమాటికీ మార్చవద్దు. గ్రేప్‌ఫ్రూట్, పంపర పనస మాత్రం ఏ రూపంలోనూ వద్దు, అవి మందు స్థాయిని పెంచుతాయి. క్లారిత్రోమైసిన్ (యాంటీబయాటిక్), ఫ్లూకొనజోల్ (ఫంగస్ మందు), డిల్టియాజెమ్ (బీపీ, గుండె మందు) కూడా పెంచుతాయి. రిఫాంపిసిన్ (టీబీ మందు), ఫెనిటాయిన్ (మూర్ఛ మందు) బాగా తగ్గిస్తాయి. ఒళ్లు నొప్పులకు సొంతంగా ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వేసుకుంటే దెబ్బ నేరుగా కిడ్నీకే.

1 మి.లీ. మందులో దాదాపు 100 మి.గ్రా. ఆల్కహాల్ ఉంటుంది. మత్తు ఇచ్చేంత కాదు కానీ కాలేయ జబ్బు, మూర్ఛ ఉన్నవారు డాక్టర్‌కు ఆ సంగతి చెప్పాలి. ఆముదం నుంచి చేసిన సర్ఫాక్టెంట్ వల్ల కొందరికి కడుపు తిప్పడం, విరేచనాలు రావచ్చు. వాంతి అయితే మీ అంతట మీరు రెండో డోసు ఇవ్వకండి, ఎంతసేపటికి అయిందో డాక్టర్‌కు చెప్పి అడగండి. చేతులు వణకడం, తలనొప్పి, బీపీ పెరగడం, మూత్రం తగ్గడం, కాళ్ల వాపు, మార్పిడి చేసిన కిడ్నీ దగ్గర నొప్పి, జ్వరం, వీటిలో ఏది కనిపించినా తర్వాతి పరీక్ష తేదీ దాకా ఆగవద్దు.

మందుల షాపులో పెట్టె ఇచ్చేటప్పుడు పేరుతో పాటు రకం కూడా చూడండి. కొన్ని దేశాల్లో మైక్రోఎమల్షన్ రకం పెట్టెమీద సైక్లోస్పోరిన్ పేరు పక్కన ‘మోడిఫైడ్’ అని ఉంటుంది. ఆ మాట లేని పెట్టె వస్తే, లేదా కంపెనీ మారితే, డాక్టర్‌ను అడగకుండా తీసుకోకండి.